సాయంత్రం నాలుగింటి కుర్చీ

"మావయ్యా, ఇవాళ మీరు తప్పించుకోలేరు!" అంటూ కోడలు గోడకు చార్టు అంటించింది. ఎర్రసిరాతో ఆసుపత్రి డయాలసిస్, పచ్చసిరాతో ఇంటి డయాలసిస్.

పెళ్లై నలభై రోజులే. అప్పుడే మామగారి కిడ్నీల విషయంలో ఆమె సగం డాక్టరైపోయింది.

"ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, పూటకి రెండు సూదులు. ఇంట్లో అయితే పొట్టకి చిన్న గొట్టం పెడతారు. రోజూ నాలుగుసార్లు ద్రవం మార్చుకోవడమే. సూదుల్లేవు, బస్సుల్లేవు. రెండూ పనికొస్తాయి, ఏది కావాలో మీ ఇష్టమని డాక్టరుగారే అన్నారుగా."

"క్రిములు చేరితే?"

"మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని నేనే మారుస్తాను. నర్సు నేర్పిస్తానంది."

"ఆ ద్రవం పెట్టెలన్నీ ఎక్కడ పెడతావమ్మా? ఉన్నవి రెండు గదులు, మధ్యన ఒక కర్టెను."

"మా మంచం కింద!"

మామగారికి దగ్గొచ్చింది. ఆ కర్టెను దాటాలన్నా ఆయన ముందు మూడుసార్లు దగ్గుతారు.

"ససేమిరా! నాకు ఆసుపత్రే హాయి. సోమ, బుధ, శుక్ర. సాయంత్రం నాలుగింటికి."

"మొన్న శుక్రవారం తిరిగొస్తూ బస్సు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డారు. పోనీ, పొద్దున పూట వెళ్లండి. ఖాళీ ఉందట."

"పొద్దున నాకు బద్ధకం."

ఐదింటికే లేచి ఇల్లంతా ఊడ్చే మనిషి!

"సాయంత్రమే అంటే మీ అబ్బాయిని తోడు తీసుకెళ్లండి. మూడున్నరకల్లా డ్యూటీ దిగి ఇంటికొస్తారుగా."

"వాడా? వాడు పక్కనుంటే నాకు బీపీ పెరుగుతుంది."

"అత్తయ్యా, మీరైనా చెప్పండి. ఈయనకి తోడెళ్లి నాలుగేసి గంటలు ఆసుపత్రి బల్ల మీద కూర్చోలేక మీకూ నడుం నొప్పే కదా?"

"అక్కడ ఫ్యాను గాలి బాగుంటుందే" అంది అత్తగారు, అల్లుతున్న స్వెటర్లోంచి తలెత్తకుండా.

"ఇద్దరూ మొండిఘటాలే!"

ఆయనకి గొట్టమంటే భయమని, పైకి చెప్పుకోలేకపోతున్నారని కోడలికి రూఢి అయిపోయింది.

మర్నాడు మామగారు నింపి, సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టిచ్చిన డయాలసిస్ ఫారాన్ని కోడలు ఆసుపత్రి కౌంటర్లో నర్సుకి ఇచ్చింది.

"కాస్త ధైర్యం చెప్పి చూడండి మేడమ్. పాపం, భయపడుతున్నారు" అంది.

నర్సు ఫారం విప్పి చదివింది. కోడలి మెడలోని కొత్త తాళిని చూసింది. నవ్వాపుకుంటూ కాగితాన్ని ఆమె వైపు తిప్పి, 'ఇంటి డయాలసిస్ వద్దనడానికి కారణం' అన్న గడి మీద వేలు పెట్టింది.

"ఇంట్లో కొత్త జంట ఉంది."