ఎనిమిదో రౌండు

"పరిగెత్తి వచ్చి అలాగే పాలిచ్చేస్తావా? ఆ చెమట పాలు తాగితే పిల్లాడి కడుపేం కాను?"

అత్తగారి సుప్రభాతం అది. పరిగెడితే పాలు పులుస్తాయని ఆవిడ గట్టి నమ్మకం. కోడలు బాత్రూంలో దూరి చన్నీళ్ళు గుమ్మరించుకుంది. అత్తగారి చట్టం ప్రకారం మొదటి నాలుగు ధారలు పిండి పారబోసింది. అప్పుడుగానీ బుడ్డోడు ఒళ్ళోకి రాలేదు. వచ్చాక ఆవురావురుమని తాగాడు. పాలు పులిశాయో లేదో వాడినడిగితే చెప్పేవాడు. ఆ ఇంట్లో వాణ్ణడిగేదెవరు!

"ఇంత ఒళ్ళు హూనం చేసుకుని ఏం సాధిద్దామనే?"

"జట్టులో చోటు పోతే గోదాములో డబ్బాలు సర్దుకోమంటారత్తయ్యా."

ఓ పెద్ద కంపెనీ పరుగుల జట్టు ఆమెది. కానుపుకి ముందు పందెంలో ఆమె వీపు తప్ప మొహం చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు మైదానంలో నాలుగడుగులు వేస్తే చాలు, బనీను మీద రెండు తడి మచ్చలు. జట్టులో పిల్లలు ఆమెకి పాలప్యాకెట్టు అని పేరు పెట్టేశారు. రెండు లోబట్టలు ఒకదానిమీద ఒకటి బిగించి, మధ్యలో మెత్తటి పాతగుడ్డ మడిచి పెట్టుకుంది. రొమ్ము రాయిలా గట్టిపడి జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. ఎంత కసి లేకపోతే మనిషి అలా పరిగెడుతుంది?

కోచ్ మాత్రం దయగానే ఉండేవాడు.

"ఎనిమిది రౌండ్లు. ఒకటే వేగం. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"పందెం పన్నెండున్నర రౌండ్లు కద సార్. మిగతావెప్పుడు?"

"పచ్చి బాలింతవమ్మా. ప్రస్తుతానికి అవి చాలు."

జట్టులో కొత్తగా చేరిన ఓ పొడుగుకాళ్ళ పిల్లని ఆమె వెనకాలే పరిగెత్తమన్నాడు. ఆ పిల్లని అందరూ మిడత అంటారు. "అక్క అడుగులో అడుగు వెయ్, వేగం పట్టుబడుతుంది" అన్నాడు. ఎంత మంచి మనిషి అనుకుంది ఆమె. మిగిలిన రౌండ్లు సాయంత్రాలు ఇంటి వెనక రోడ్డు మీద, బుడ్డోడి కడుపు నింపి, అత్తగారి తిట్లు తిని, తనే పూర్తిచేసుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పందెం వారంలోకి వచ్చినప్పుడు కోచ్ మొహమాటం లేకుండా తేల్చేశాడు. "ఈ ఒక్క పందెంతో నీ సంగతి తేలిపోతుందమ్మా. జట్టులో ఉండడమో, ఊడడమో."

ఆ రోజు పొద్దున బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని రెండువైపులా ఖాళీ అయ్యేదాకా పాలిచ్చింది. బుడ్డోడు తేన్చాడు. "ఇక పందెం అయ్యేదాకా వీడికి ఢోకా లేదు, పో" అంటూ అత్తగారు వాణ్ణి భుజాన వేసుకుని జనంలో కూర్చోవడానికి వెళ్ళబోయింది.

ఇంతలో కోచ్ వచ్చి ఆమెని పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. చివరికి తలూపింది. పందెం భయం కాబోలు, పాపం ధైర్యం చెబుతున్నాడు అనుకుంది అత్తగారు.

తుపాకి పేలింది. మొదటి అడుగు నుంచీ ఆమే ముందు. ఆమె వెనకే మిడత. మిగతావాళ్ళు ఎక్కడో వెనక. ఒక్కో రౌండు గడిచేకొద్దీ జనం లేచి నిలబడ్డారు. ఏడో రౌండుకి అత్తగారు పులిసిన పాల సంగతి మర్చిపోయి, "అదిగో, ఆ ముందున్నది మా కోడలు!" అని పక్కావిడని కుదిపేసింది.

కాళ్ళు ఆమె మాట వింటున్నాయి. ఊపిరి ఇంకా బోలెడుంది. ఎనిమిదో రౌండు గీత దాటింది.

దాటి ఆగిపోయింది. పక్కకి జరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గడ్డిలో నిలబడింది. మిడత ముందుకి దూసుకుపోయింది.

జనం అయ్యయ్యో అన్నారు. మైకు అందుకుంది: "బిడ్డ ఏడుపు విని ఆ తల్లి పందెమే వదిలేసింది! పతకం కన్నా కన్నపేగే గొప్పదని చాటింది!" మైకు పట్టుకున్నాయన పక్కనే కోచ్ నిలబడి ఉన్నాడు. మైదానమంతా చప్పట్లు. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

ఆమె మెట్లెక్కి వచ్చింది. అంత గోలలోనూ బుడ్డోడు అత్తగారి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తగారు ఆమె తల నిమిరింది.

"పతకం పోతే పోయిందిలేవే. తల్లివనిపించుకున్నావు."

కింద మిడత గెలిచింది. మళ్ళీ చప్పట్లు. ఆమె బిడ్డని తీసుకుని గుండెకి అదుముకుంది. వాడు ఆకలి లేక నిద్రలోనే మొహం తిప్పేసుకున్నాడు. బనీను తడిసిపోతోంది.

"ఇంతకీ వీడు కిక్కురుమనలేదు కదే. నీకెలా వినబడింది?" అంది అత్తగారు.

"ఏమో అత్తయ్యా. ఏడ్చినట్టే అనిపించింది."

పొద్దున కోచ్ ఆమె చెవిలో చెప్పింది ఇంతే: "ఎనిమిదో రౌండు దాకా మిడతని నీ వెనక లాక్కొచ్చి ఆగిపో, ఎవరైనా అడిగితే బిడ్డ ఏడ్చాడని చెప్పు, జట్టులో నీ చోటు నీకుంటుంది."