మేనత్తకు చప్పట్లు

సభ ముగిసింది. తన బావ రాసిన కొత్త నవల గురించి అరగంటసేపు ఏకధాటిగా మాట్లాడిన నవలాకారుడు, వేదిక దిగుతూనే బావ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“ఎలా మాట్లాడాను బావా?”

“అదరగొట్టావు. ముఖ్యంగా ముగింపు గురించి చెప్పినప్పుడు.”

“మరి అలాంటి ముగింపు! చదివాక రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను.”

బావ టీ కప్పు కింద పెట్టాడు. “పుస్తకంలో ముగింపు లేదురా. ఆఖరి పదహారు పేజీలు కుట్టడం ప్రెస్సువాళ్ళు మరిచిపోయారు. అన్ని కాపీలూ అంతే. పొద్దున చూసుకుని లబోదిబోమన్నాను.”

నవలాకారుడు నాలుక కరుచుకున్నాడు. కనీసం చివరి పేజీ తిప్పి చూసినా బతికిపోయేవాడు. చదవకుండా పొగడటంలో తనను మించినవాడు లేడని ఇన్నాళ్ళూ లోలోపల దాచుకున్న గర్వం కాస్తా గంగలో కలిసింది.

“తప్పయిపోయింది బావా. చదవలేదు.”

“ఊరుకోరా, మనిద్దరం దొందూ దొందే. నీ నవల సభలో నేను మేనత్త పాత్రను పొగిడాను, గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదు? హాలంతా చప్పట్లు! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.”

“నేనూ నీది చదవలేదు. ఏ నవలలోనైనా ఒక మేనత్త ఉండకపోతుందా అని అనేశాను. ఇంతకీ ఉందా?”

“చూసి చెబుతాను బావా,” అన్నాడు నవలాకారుడు.

ఇంటికెళ్ళి తన నవల తీసి, మొదటి పేజీ నుంచి మేనత్త కోసం వెతికాడు. ఎక్కడా లేదు. నిట్టూర్చి కలం అందుకున్నాడు. రెండో ముద్రణలో ఆవిడను పెట్టక తప్పదు. నవల మొత్తం మీద చప్పట్లు పడింది ఆవిడ ఒక్కదానికే మరి.