సెప్టిక్ ట్యాంకు మీద డేగరాయుడు

మేఘాలకు తురాయి తగులుతుందని మెడ వంచి నడిచే కోడిపుంజు డేగరాయుడు. అతను కూస్తే మూడూళ్ల అవతల గేదెలు పలుపుతాళ్లు తెంపుకునేవి.

పెరట్లో కోళ్లన్నీ ఎక్కడ గుమిగూడితే అక్కడే దడి కడతానంది ఇంటావిడ. రాయుడు ఎగిరి సెప్టిక్ ట్యాంకు మూతెక్కాడు. "రండర్రా! నడి ఎండల్లో కూడా ఇక్కడ గడ్డి పచ్చగా ఉందంటే, అంతా నా పాదం మహిమే!" మందంతా ఆ పచ్చికలోకి పరుగెత్తింది.

రేపోమాపో పిల్లలయ్యే గుడ్ల మీద కూర్చున్న చుక్కమ్మ పెట్ట మెడ చాచి కేకేసింది. "మావా, అది నీ పాదం కాదు, అడుగునున్న మురుగు. నా పిల్లలు ఆ మట్టి గీరి తింటే బతుకుతారా? పైగా ట్యాంకు తోడే లారీ వస్తే దడి పీకెయ్యాలి. పెరటి చివర రాళ్లవైపు పొడినేలే మేలు."

"లారీనా? నన్ను చూస్తే తోక ముడుస్తుంది!"

మాట నోట్లో ఉండగానే లారీ రానే వచ్చింది. రాయుడు రొమ్ము విరుచుకుని మూత మీదే నిలబడ్డాడు. పనివాళ్లు గునపాలేసి మూతను, దాంతోపాటు రాయుణ్ణి, పైకి లేపారు. లోపలి నుంచి లేచిన కంపుకు ఆకాశంలో గద్దలు దారి మార్చుకున్నాయి. రాయుడు ఒక్క గంతులో రాళ్లవైపు పడ్డాడు. మందంతా వెనకే ఉరికింది. ఇంటావిడ అక్కడే దడికి గుంజలు పాతింది.

"చూశావా చుక్కమ్మా," అన్నాడు రాయుడు ఆయాసపడుతూ, "మందని ఎంత ఒడుపుగా ఇటు నడిపించానో!"

"చూశాలే మావా. ముందు కాళ్లు కడుక్కుని రా."