రెండువేల మంది ఉదహరించిన పేపర్

శుక్రవారం డైరెక్టర్ పదవి ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు ఆ పేపర్ కాపీ ఒకటి వెంట తెమ్మన్నారు. డాక్టర్ లింగమూర్తికి గొంతులో వెలక్కాయ పడింది.

కరీంనగర్‌లో ఓ ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఆయన యూరాలజీ ప్రొఫెసర్. డైరెక్టర్ కుర్చీ మీద కన్నేసి చాలా ఏళ్లయింది. పోటీలో ఉన్నవాళ్లలో ఆయన కంటే బాగా ఆపరేషన్లు చేసేవాళ్లున్నారు, బాగా పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు. సైటేషన్లలో మాత్రం ఆయన్ను కొట్టేవాడు లేడు. మన పరిశోధనను ఇంకొకరు తమ పరిశోధనలో ఉదహరిస్తే అదొక సైటేషన్. ఈ రోజుల్లో డాక్టరు గొప్పవాడో కాదో రోగిని అడిగేవాళ్లు లేరు, వాటినే లెక్కపెడతారు.

ఆ సైటేషన్లలో ముప్పాతిక వంతు ఒక్క పేపర్‌వే. ‘ఆదిలాబాద్ పత్తి మిల్లు కార్మికుల కిడ్నీల్లో రాళ్లు’. ఉదహరించినవాళ్లు రెండువేల మంది. జపాన్‌లో ఉన్నారు, బ్రెజిల్‌లో ఉన్నారు. దాని పుణ్యమా అని వచ్చిన శాలువాలు బీరువాలో పట్టడం లేదు.

పేపర్ పేరు పక్కన కనబడే పత్రిక ఏనాడో మూతపడింది. ఇంటర్నెట్‌లో పేరు వస్తుంది, నొక్కితే ఏమీ తెరుచుకోదు.

"మీరు రాసిందే కద, ఇంట్లనే ఉంటది. అటుక మీద జర చూడరాదుండ్రి," అంది భార్య జమున.

"ఇంట్ల లేదు," అన్నాడు లింగమూర్తి. అటకవైపు తలెత్తి చూడనైనా లేదు.

పెద్దపల్లిలో ప్రాక్టీసు పెట్టుకున్న పాత శిష్యురాలు సృజనకు ఫోన్ చేశాడు. ఆమె థీసిస్‌లో మొట్టమొదటి సైటేషన్ అదే.

"నా పేపర్ కాపీ నీ దగ్గర ఉన్నదా అమ్మా?"

"ఎంత గొప్ప పేపర్ సార్ అది. కాపీ అయితే లేదు. ఆదిలాబాద్ తన్వీర్ సార్ థీసిస్ చూసి రాసుకున్న."

"మరి నువ్వు చదవలే?"

"తన్వీర్ సార్ చదివే ఉంటరు కద సార్."

మర్నాడే కారేసుకుని ఆదిలాబాద్ బయలుదేరాడు. దారంతా పత్తి లారీలు. వాటి వెనక నత్తనడక నడుస్తుంటే ఆయనకు ఒళ్లు మండిపోయింది. రెండువేల మందిలో ఒక్కడైనా ఓ కాపీ దాచుకుని చావకూడదా?

డాక్టర్ తన్వీర్ లేచి నిలబడి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. "ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద సార్."

"నిజం చెప్పు తన్వీర్. నా పేపర్ నువ్వు కండ్లతోని చూసినవా?"

తన్వీర్ చాయ్ పక్కన పెట్టాడు. "దాని పేరు మా సీనియర్ గోపాల్ సార్ థీసిస్‌ల ఉండె సార్. అందులున్నవన్నీ ఎక్కిస్తే గైడ్ అడ్డం చెప్పడన్నరు. మా బ్యాచ్ అంతా గట్లనే ఎక్కించినం."

"గోపాల్ ఏడున్నడు?"

"పోయినేడు చనిపోయిండు సార్."

గొర్రెదాటు అంటే ఇదే. ముందు గొర్రె ఎందుకు దూకిందో వెనక గొర్రెకు పట్టదు. ఇక్కడ ఆ ముందు గొర్రె కాస్తా కాటికి పోయింది. లింగమూర్తి వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. కుర్చీ చేజారినట్టేనని తిండి మానేశాడు.

శుక్రవారం రానే వచ్చింది. కమిటీ పెద్ద డాక్టర్ మమతారాణి. చండశాసనురాలని పేరు. ఫైలు తిరగేసి, కళ్లద్దాల మీదుగా చూసింది.

"కాపీ తేలేదా?"

"దొరకలే మేడం. పత్రిక మూతపడ్డది. చానా తిరిగిన." ఆయన చొక్కా వీపుకంటుకుపోయింది.

మమతారాణి నవ్వింది. "దానికింత పరేషాన్ ఎందుకు? మీ పేపర్ తెలువనోళ్లు ఎవరున్నరు? నేను అక్షరం పొల్లుపోకుండ చదివిన. నా స్టూడెంట్లతోని గూడ చదివించిన. అసొంటిది మళ్ల రాలే."

పక్కనున్న సభ్యులూ తలలూపారు. తామూ చదివామన్నారు. ఒకాయనైతే ముగింపు చాలా బాగుందన్నాడు. అక్కడికక్కడే సంతకాలైపోయాయి.

లింగమూర్తికి కళ్లు చెమర్చాయి. అందరికీ చేతులు జోడించి లేచాడు. తలుపుదాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

జన్మలో తాను రాయని ఆ పేపర్లో ఏముందో మమతారాణినైనా అడిగి తెలుసుకుందామని నోటిదాకా వచ్చింది.