మంచి కేసు

“ఆ ఇంజెక్షన్ ఇప్పుడే చెయ్యకు ఆశా! మిగతా పీజీలను రానియ్. గుండె గిట్ల ఉరికేటోళ్లు మళ్లా ఎప్పుడు దొరుకుతరు? మస్తు మంచి కేసు!” సమోసా నములుతూనే చెప్పి, ప్రొఫెసర్ గోవర్ధన్ వార్డు బయటికి నడిచాడు.

గుండె జబ్బుల విభాగంలో పీజీ చేస్తున్న ఆశకు ఆ నూనె వేళ్లను చూస్తే రోత పుట్టింది. మంచంమీద ఐలమ్మ చెమటతో తడిసి ముద్దై రొప్పుతోంది.

“ఫికర్ జేయకే,” భర్త హనుమాండ్లు ఆమె చెయ్యి నిమిరాడు. “ఉప్పల్ డాక్టర్ ఊకె బెదిరిచ్చిండు. ఈ నాచారం దవాఖానల అందరు మంచి కేసు, మంచి కేసనే అంటున్నరు.”

పొద్దున ఈసీజీ చూడగానే హనుమాండ్లు ఎదుటే గోవర్ధన్‌కు ఫోన్ చేసి, “సార్, మంచి కేసొచ్చింది!” అని సంబరపడింది ఆశే.

ఇక ఆగలేదు. సిరంజి అందుకుంది. “జర ఓర్చుకో అమ్మా. ఛాతీల బరువైతది, గంతే.”

మందు ఎక్కింది. మానిటర్‌మీద గీత ఒక్క క్షణం చదునైంది. తర్వాత గుండె తీరిగ్గా కొట్టుకోసాగింది. ఐలమ్మ నిండుగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే పీజీలను వెంటేసుకొచ్చిన గోవర్ధన్ మానిటర్ చూసి మండిపడ్డాడు. “కేసంతా ఖరాబ్ చేసినవ్ గదా!”

“పేషెంట్‌కు మంచిగైంది సార్,” అంది ఆశ.

హనుమాండ్లు బిత్తరపోయి ఆమెవైపు చూశాడు.

“ఇప్పుడు మంచిగైందా? మరి పొద్దుగాల్నుంచి మంచిదే అంటిరి గదా మేడం?”