జరగనిది పాడడు

"ఏమే గిరిజా, మీ ఆయన మా అందర్నీ ఏడిపించి పారేశాడే!" బ్రాక్‌నెల్ నుంచి సులోచన ఆంటీ ఫోను.

పొద్దుట్నుంచీ ఇవే ఫోన్లు. రఘువీర్ కొత్త ఆల్బమ్ వచ్చి నెల తిరక్కుండానే బ్రిటన్‌లో తెలుగిళ్లన్నీ చుట్టేసింది. కార్లలో అదే, బర్త్‌డే పార్టీల్లో అదే, వాట్సాప్ నిండా అదే. తెలుగు ముక్క రాని తెల్లవాళ్లు కూడా రేడియోలో విని శెభాష్ అన్నారట.

రఘువీర్‌కి స్లౌలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు గిటారు. అమెరికా పల్లెటూళ్ల కంట్రీ మ్యూజిక్ ఫక్కీలో తెలుగు పాటలు కట్టేవాడు. ఆ సంగీతానికి సొంత కష్టమే సరుకు. "జరగనిది పాడను" అని ప్రతి స్టేజీ మీదా చెప్పేవాడు. అంత పేరున్న మనిషి, మొదటి భార్య వరలక్ష్మి మెట్ల మీంచి పడి చనిపోయాక గిటారు తీసుకెళ్లి లాఫ్ట్‌లో పడేశాడు. ఏళ్లు గడిచాయి. గిరిజని పెళ్లి చేసుకున్నాడు. అయినా గొంతు విప్పలేదు. ఇన్నాళ్లకి విప్పాడు, పాటలన్నీ వరలక్ష్మి చావు మీదే.

పోయినామె మీద అన్నన్ని పాటలు కడితే ఉన్నామెకి ఒళ్లు మండదూ? గిరిజకి మండలేదు. భయం వేసింది.

"మూడో పాట విన్నావుటే?" ఆంటీ వదల్లేదు. "ఆవిడ మెట్ల కింద పడుంటే, పొంగుతున్న పాలు చూసి పొయ్యి కట్టేసిన చెయ్యి ఎవరిదీ అంటాడు చూడు! అవునే, ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరంటిరి. మరి స్టవ్ ఎవరు కట్టారే?"

"పాట కోసం కల్పించి ఉంటారు ఆంటీ."

"చాల్లే! మీ ఆయన జరగనిది పాడతాడా?"

ఫోన్ పెట్టేసి గిరిజ కుర్చీలో కూలబడింది.

అప్పట్లో ఆమె ఈ ఇంట్లోనే పైగది అద్దెకి తీసుకుని ఎమ్మెస్సీ చదివేది. ఆ రోజు నార్తాంప్టన్‌లో ప్రోగ్రామ్‌లో ఉన్నానని రఘువీర్, కాలేజీలో ఉన్నానని గిరిజ చెప్పారు. పోలీసులు రాసుకున్నారు. కాలు జారిందని తేల్చేశారు. పొయ్యి మీద పాలగిన్నె సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పాపం, తెల్ల పోలీసుకేం తెలుసు? కొంప మునిగిపోతున్నా సరే, పాలు పొంగుతుంటే మనవాళ్ల చెయ్యి దానంతటదే స్టవ్ మీదకి పోతుంది.

పాటలో అదొక్కటేనా? వరలక్ష్మి వెనక్కి తిరిగి చూసిన చూపు ఉంది. "నువ్వా!" అన్న ఆఖరి మాట ఉంది. అక్కడ నిలబడ్డ మనిషికి తప్ప తెలీనివి. ఆంటీకి తట్టిన అనుమానం రేపు ఇంకొకరికి తడితే? గుమ్మంలో పోలీసులు. ఇల్లూ సంసారం గంగపాలు.

సాయంత్రం రఘువీర్ ఆఫీసు నుంచి రాగానే అడిగేసింది.

"ఏవండీ, రేపు హాల్లో ప్రోగ్రామ్‌లో ఆ మూడో పాట పాడకండి."

"అందరూ అడిగేది అదే కదా!" అని నవ్వాడు. ఈమధ్య ఆ నవ్వు చూస్తేనే ఆమెకి గుండె జారిపోతోంది.

"పాత గాయం ఎందుకండీ కెలుక్కోవడం?"

"గాయం నాది కదా గిరిజా, నొప్పి నీకెందుకు?" అన్నాడు మెల్లగా. "నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. నిన్ను అందరికీ చూపించాలి."

తనే పాలు కాచి గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. ఎప్పుడూ లేంది ఈ మర్యాదేమిటి? అతను అటు తిరగ్గానే గిరిజ వాటిని సింకులో పారబోసింది.

మర్నాడు హాలు కిటకిటలాడిపోయింది. మూడో పాటకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొట్టనిది ముగ్గురే. గోడవారగా కోట్లు వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్లు, వాళ్ల చెవిలో ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతున్న తెలుగమ్మాయి. గిరిజ వాళ్లని చూసింది.

యాంకర్ బిందుమాధవి కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకుంది. "ఇన్నేళ్ల తర్వాత, పక్కనుండి చూసినట్టు ఎలా రాశారండీ ఈ పాటలు?"

రఘువీర్ గిటారు కింద పెట్టాడు. ముందు వరసలో ఉన్న గిరిజ వైపు చెయ్యి చూపించాడు.

"ఇందులో ఒక్క మాట కూడా నాది కాదండీ, రోజూ నిద్రలో మా గిరిజ కలవరించే మాటలకి నేను బాణీ కట్టానంతే."