తల దగ్గర మనిషి

సత్యవతికి మత్తుసూది వేసి డాక్టరమ్మ తన దారిన వెళ్ళిపోయింది. సత్యవతి ఆపరేషను బల్ల మీద ఒంటరిగా ప్రాణం వదిలింది. ఆమె మొగుడు భూషణం ఈ మాట చెప్పని పడవ హంసలదీవిలో లేదు.

ఇప్పుడు బందరు ఆస్పత్రిలో, అతని హెర్నియా ఆపరేషనుకి అదే డాక్టరమ్మ వచ్చింది.

"నాకూ సూది పొడిచి ఎల్లిపోతారా, మా సత్యవతికి చేసినట్టు?"

ఆవిడ స్టూలు లాక్కుని అతని తల దగ్గర కూర్చుంది.

"సత్యవతిగారు నాకు గుర్తేనండి. మత్తిచ్చినవాళ్ళం మనిషి లేచేదాకా ఇక్కణ్ణించి కదలం. ఊపిరి మేమే కనిపెట్టుకుని ఉండాలి. గుండె ఆగిపోతే నిలబెట్టలేకపోయాను గానీ, ఆవిణ్ణి వదిలిపెట్టి వెళ్ళలేదు."

భూషణం ఆవిడ వైపు తల తిప్పాడు.

"కళ్ళు మూతపడేముందు, బయట మా ఆయన ఏవన్నా తిన్నాడో లేదో కనుక్కోమంది."

"కనుక్కున్నారా?"

"లేదండి. లేవడానికి వీల్లేదుగా."

చుక్కాని పట్టినవాడు నడిసముద్రంలో లేవడని భూషణానికి ఒకరు చెప్పక్కర్లేదు. చూపు పైకప్పు మీదకి తిప్పాడు.

"ఆవేళ నేనేం తినలేదు," అన్నాడు, ఆ పైకప్పుతోనే.

తర్వాత డాక్టరమ్మ వైపు చెయ్యి చాపాడు.

"సూదెయ్యండి. ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి. మీరు ఎల్లిపోయారన్న మాట నేనూ ఎవరి దగ్గరా ఎత్తను."